కరిగిపోయే పూత, నా సాక్ష్యం

నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఈ మాట మొదటి వాక్యంలోనే రాసేస్తున్నాను, ఎందుకంటే నెలల తరబడి మా ఊళ్ళో ఎవరూ దాన్ని పేరు పెట్టి పిలవలేదు. "ఆ జబ్బు" అన్నారు, "లోపల గడ్డ" అన్నారు. మా వదినైతే అడిగినవాళ్ళందరికీ "ఛాతీలో నిమ్ము" అని చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు మందులు అయిపోయాయి, ఆపరేషన్ అయింది, రేడియేషన్, అదే కరెంటు పెట్టడం కూడా అయింది. జుట్టు మళ్ళీ వస్తోంది, అదీ రింగులు తిరిగి. కూర్చుని రాసే ఓపిక వచ్చింది కాబట్టి రాస్తున్నాను. చదివి నా మీద జాలి పడకండి. మీ ఇంట్లో ఆడవాళ్ళను ఒక్క మాట అడగండి, నాకు అది చాలు.

మాది గురజాల దగ్గర ఒక ఊరు. రోడ్డు పక్కన షేడ్‌నెట్ కింద మిరప నారు పెంచి రైతులకు అమ్ముతాం, నేనూ నా భర్త ప్రసాదూ. ప్రసాదు అక్క మార్తమ్మ, అంటే మా వదిన, మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమెకు మా ఇల్లూ, చర్చీ తప్ప మూడో లోకం లేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఆమె లేకపోతే మొదలవ్వదు. ఆమెతో నాకు పెద్ద గొడవే జరిగింది, అది దాచను. అయితే నా కూతురు పుట్టినప్పుడు నెలన్నర నన్ను మంచం దిగనివ్వకుండా చూసుకున్నది కూడా ఆవిడే. రెండూ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పోయిన జూన్ ఆఖరులో మొదలైంది. అప్పుడే మాకు నారు పోసే హడావుడి. ప్లాస్టిక్ ట్రేల గుంటల్లో కొబ్బరి పొట్టు నింపి, గుంటకో గింజ వేసి, తడిపి, వరసలుగా పేరుస్తాం. తడిసిన ట్రేలు బరువు, నాలుగైదు ఒకేసారి గుండెకు ఆనించి మోస్తాం. ఒకరోజు ఎడమ పక్కన ఏదో గట్టిగా తగిలింది, చింతగింజంత. ట్రే అంచు గుచ్చుకుని కమిలిందనుకున్నాను. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ప్రమాదం కూడా లేదనుకున్నాను. నారు పోసే రోజుల్లో మా దగ్గర ఎవరికీ జబ్బు రాకూడదు, వచ్చినా మాత్ర మింగి ట్రేల మధ్య నిలబడాల్సిందే. అట్లా ఐదు వారాలు పోగొట్టాను. ఆ తప్పు ఎవరి మీదా నెట్టను, నాదే.

మా దగ్గర గింజలు వేసే పనికి షంషాద్ అని ఒకామె వస్తుంది. వాళ్ళాయన మాచర్లలో మెకానిక్. పనిలో దించిన తల ఎత్తదు, కానీ ఆమె కంటికి అన్నీ కనిపిస్తాయి.

"అక్కా, ట్రేలు ఎడం పక్కకి ఆనించకుండా మోస్తన్నావు, ఎందుకు?" అంది ఒకరోజు.

"ఏం లేదులే, దెబ్బ తగిలింది."

"ఎన్ని రోజులైంది?"

చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి, నన్ను నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళి చూసింది. "దెబ్బయితే ఈపాటికి తగ్గిపోవాల. రేపు నరసరావుపేట పో. పనంతా నేను చూసుకుంటా. పోకపోతే రేపట్నుంచి నేను పనికి రాను" అంది. కూలికి వచ్చిన మనిషి నన్ను బెదిరించడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆ బెదిరింపే నన్ను బతికించిందని ఇప్పటికీ ఆమెతో అంటుంటాను. ఆమె సిగ్గుపడి పనిలో పడుతుంది.

ఆగస్టులో నరసరావుపేటలో స్కానింగ్, ముక్క తీసి పరీక్ష, అక్కణ్ణుంచి గుంటూరు. మాచర్ల నుంచి వచ్చే రైలెక్కి, నడికుడి మీదుగా గుంటూరు పోవడం, సాయంత్రానికి తిరిగి రావడం, అదే మా కొత్త కాపురం. గుంటూరు ఆసుపత్రిలో ఇనుప కుర్చీల వరసలో కూర్చుంటే పక్కవాళ్ళు ముందు ఊరు అడుగుతారు, తర్వాత పిల్లల గురించి అడుగుతారు, ఆఖరున "ఎక్కడ?" అంటారు. అంటే ఒంట్లో ఎక్కడ అని. అక్కడ దాచుకునేవాళ్ళు లేరు. ఊళ్ళో నోరు విప్పని నేను అక్కడ ముక్కూ మొహం తెలియని వాళ్ళకు అన్నీ చెప్పేదాన్ని. మొదటి రోజు భయంతో నా చేతులు చల్లబడిపోతే, ఏటి అవతల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కొంగు ముడిలోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది. "వాసన చూస్కుంట కూసో బిడ్డా. రెండు దినాలు కష్టముంటది, అటెన్క అన్నం దిగుతది" అంది. ఆమె పేరు అడగాలని నాకు తోచలేదు. ఆ నిమ్మకాయ ఎండిపోయేదాకా దాచుకున్నాను.

మొదటిసారి మందు ఎక్కించినప్పుడు చచ్చిపోతాననుకున్నాను. సీసా పెట్టిన కాసేపటికే మొహం మంటలెక్కింది, నడుం పట్టేసింది, గాలి అందలేదు. నర్సు పరుగెత్తుకొచ్చి ఆపేసింది. అద్దం అవతల ప్రసాదు నిలబడి ఉన్నాడు. అంత నిస్సహాయంగా ఆయన మొహాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. నాకేమో ఊపిరి అందగానే వచ్చింది భయం కాదు, కోపం. ఇంత దూరం వస్తే మందు కూడా నన్ను కాదంటుందా అని.

మర్నాడు డాక్టరమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "మీకు పడనిది బహుశా మందు కాదు, ఆ మందును కరిగించడానికి కలిపే ద్రావకం. ఆ ద్రావకం లేకుండా ఇదే మందు ఇంకో రకంగా దొరుకుతుంది. కంటికి కనిపించనంత చిన్న గుళికల్లో మందు పెట్టి, పైన పాలిమర్ పొర చుడతారు. గడ్డకు పోయే రక్తనాళాలకు సందులు ఎక్కువ ఉంటాయి, ఈ గుళికలు ఆ సందుల్లోంచి దూరి అక్కడ ఎక్కువగా చేరతాయని ఉద్దేశం. చేరాక పొర మెల్లగా కరుగుతుంది, మందు బయటికి వస్తుంది. పొర ముక్కలు ఒంట్లో నిలవవు, బయటికి పోతాయి."

ప్రసాదు మొహం మాడిపోయింది. "పాలిమర్ అంటే ప్లాస్టిక్కే గదండీ? మా షెడ్డు ఎనకమాల పగిలిన ట్రేలు పదేళ్ళ నుంచి పడున్నై. మట్టిలో కలవవు, కుళ్ళవు. అట్టాంటిది మనిషి రక్తంలోకి ఎక్కిస్తారా?"

డాక్టరమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు. "ఆపరేషన్లో వేసే కుట్లలో విప్పనక్కర్లేని దారం ఉంటుంది, తెలుసా? దానంతట అదే కరిగిపోతుంది. ఇది ఆ జాతిది, మీ ట్రేల జాతిది కాదు."

"నా కడుపు మీద ఆ దారమే వేశారు, నీ కూతురు పుట్టినప్పుడు. ఏది, కనిపిస్తందా ఇప్పుడు?" అన్నాను నేను.

నాకు మాత్రం ఆమె చెప్పింది వెంటనే ఎక్కింది. మాకు వచ్చే మిరప గింజలు వాటి రంగులో ఉండవు. మందు కలిపిన ఎర్రటి పూతతో వస్తాయి, గింజలు వేసిన రోజు మా వేళ్ళన్నీ ఎర్రబడతాయి. ఆ పూత తడి తగిలాక కరుగుతుంది, మందు గింజ చుట్టూ, మొలిచే వేరు దగ్గర ఉంటుంది. తోటంతా పిచికారీ చేయడం వేరు, గింజతోపాటే మందు పంపడం వేరు. ఈ మాటే చెప్తే డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి విన్నది. తర్వాత, "ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. మందంతా గడ్డకే పోతుందని నేను చెప్పను. జుట్టు ఊడుతుంది, నీరసం ఉంటుంది" అంది. ఊడితే ఊడింది, మొలకెత్తించడం నాకు వచ్చిన పనే అన్నాను.

రెండోసారి ఆ కొత్త రకం మందు ఎక్కించారు. నేను గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. మొహం వేడెక్కలేదు, ఊపిరి ఆగలేదు. సీసా ఖాళీ అయ్యాక నర్సు బొటనవేలు ఎత్తి చూపించింది, నేను ఏడ్చేశాను. ఆ తర్వాత మూడు వారాలకోసారి రైలెక్కడమే. జుట్టు ఊడింది. ఏది తిన్నా ఇనుము నాకినట్టు ఉండేది, గోంగూర ఒక్కటే నాలుకకు తెలిసేది. పాదాల్లో తిమ్మిర్లు. కానీ సీసా పెట్టిన నాలుగో రోజుకు ట్రేల మధ్య తిరిగేదాన్ని. నారు కొనడానికి వచ్చిన రైతులు నా తలకు కట్టుకున్న గుడ్డ వైపు చూసి చూపు తిప్పుకునేవాళ్ళు. "నా తల కాదు, నారు చూసుకోండి" అనేదాన్ని.

వదిన రోజూ వచ్చేది. అన్నం వండేది, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. అంతా అయ్యాక పక్కన కూర్చుని వింతవింత ప్రశ్నలు అడిగేది. "ముందు ఎట్టా తెలిసిందే నీకు? గట్టిగా ఉండేదా? కదిలేదా? నొప్పి అసలు లేదా?" ఊళ్ళో చెప్పుకోవడానికి వివరాలు సేకరిస్తోందని నాకు చిరాకు వేసేది. పొడిపొడిగా జవాబు చెప్పి అటు తిరిగి పడుకునేదాన్ని.

అక్టోబరులో డాక్టరమ్మ చేత్తో చూసి, మళ్ళీ చూసి, "నా చేతికి గడ్డ తగలడం లేదు. మందు చాలా బాగా పని చేస్తోంది. కానీ ఇంకా మూడుసార్లు ఎక్కించాలి, తర్వాత ఆపరేషన్. చేతికి తగలకపోవడం వేరు, లేకపోవడం వేరు" అంది. ప్రసాదు సంతోషం పట్టలేక గుంటూరు ప్లాట్‌ఫాం మీద నుంచే అక్కకు ఫోన్ చేశాడు. డాక్టరమ్మ చెప్పినదాంట్లో ముందు సగమే చెప్పాడు. మా రైలు నడికుడి చేరేలోపు, గడ్డ కరిగిపోయిందన్న కబురు చర్చికి చేరింది. మేము ఊళ్ళో దిగేసరికి వదిన మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టడానికి ఆదివారం ఖాయం చేసేసింది.

మా వాళ్ళలో ఇది ఆచారం. మేలు జరిగినప్పుడు ఇంటి ముందు షామియానా వేసి, సంఘాన్ని పిలిచి, అన్నం పెడతారు. మేలు పొందిన మనిషి లేచి అందరి ముందు సాక్ష్యం చెప్పాలి. ఆ కూడిక నాకూ ఇష్టమే. గొడవ దాని వెనకాల వచ్చింది. నా తర్వాతి మందు ఆ ఆదివారం దాటాక వచ్చే మంగళవారానికి ఉంది.

"ఇంకెందుకే మందు?" అంది వదిన. "ఆదివారం దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పి, మంగళవారం పోయి సూది పొడిపించుకుంటే నీ సాక్ష్యం అబద్ధం అవదా? చూసినోళ్ళు ఏమనుకుంటారు? దేవుడు ముట్టినదాన్ని కత్తితో కోయిస్తావా?"

"డాక్టరమ్మ ఇంకా మూడుసార్లు అంది వదినా."

"ఆమె అట్టాగే అంటది. నీకు ఇశ్వాసం లేదు, అదీ సంగతి."

నేను ప్రసాదు వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తూ, "అక్క చెప్పేదీ ఒకందుకు నిజమేనేమో. ఈ ఒక్కసారికి ఆగి చూద్దాం" అన్నాడు.

వదిన మాటకు నాకు కోపం వచ్చింది. ఆయన మాటకు మాత్రం నా కాళ్ళ కింద నేల లేదనిపించింది. అద్దం అవతల నిలబడి నా ఊపిరి ఆగడం చూసిన మనిషి ఆ మాట అన్నాడు. "ఆగి చూడ్డానికి ఇదేం మాచర్ల బస్సా, ఇది పోతే ఇంకోటి వస్తదనుకోడానికి?" అని అరిచాను. ఆదివారం దాకా మూడు రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆయన చేసిందానికి ఇప్పుడు కారణం అర్థమైంది. ప్రతిసారీ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి రావడానికి ఆయనకు ధైర్యం అయిపోయింది. అర్థమైందంటే క్షమించానని, మర్చిపోయానని మాత్రం కాదు.

ఆదివారం వచ్చింది. షామియానా, కుర్చీలు, పెరట్లో బిర్యానీ డేగిశాలు. పాటలు అయ్యాయి, మా పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పారు. తర్వాత నన్ను పిలిచారు. వదిన ముందు వరసలో కూర్చుని అప్పుడే కళ్ళు తుడుచుకుంటోంది. నేను మైకు తీసుకున్నాను.

"నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది" అన్నాను. కుర్చీలు కదిలాయి. ఒక పెద్దాయన దగ్గాడు. మైకులో ఆ మాట మా ఊరు మొదటిసారి విన్నది. "మీరంతా నాకోసం ప్రార్థన చేశారు. అది నేను మర్చిపోను. ఊపిరి ఆడనప్పుడు నేనూ ఆయన్నే పిలిచా. కానీ నాలోకి పోయింది మందు. పొర కట్టిన మందు, గడ్డ దగ్గరికి పోయి కరిగే మందు. దాన్ని కనిపెట్టినోళ్ళ చేతులు కూడా దేవుడిచ్చినవే అని నేను నమ్ముతన్నా. డాక్టరమ్మ చేతికి గడ్డ తగల్లేదంట. దాంతో పోయినట్టేనని అంటన్నారు. మీరంతా మిరప ఏసినోళ్ళే. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు గుర్తుందా? ఆకు మీద కనపడలేదని మనం మందు ఆపలా? అది యాడికి పోయింది? మట్టిలోకి దిగింది. మళ్ళీ లేచింది. పూతంతా రాలిపోయి తోటలకు తోటలు దున్నేసుకున్నాం. నా ఒంటిని నేను దున్నుకోను. మంగళవారం నేను గుంటూరు పోతన్నా. ఆపరేషన్ కూడా చేయించుకుంటా. ఇదే నా సాక్ష్యం."

ఎవరూ ఆమేన్ అనలేదు. నేను కూర్చోలేదు. అయ్యగారు బైబిలు మూశారు. తర్వాత లేచి, "సహోదరి మంగళవారం ప్రయాణం కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. అందరూ తలలు వంచారు. కళ్ళు తెరిచేసరికి వదిన కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె అన్నం తినకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం మధ్యాహ్నం షంషాద్ అన్నానికి వెళ్ళాక వదిన నర్సరీకి వచ్చింది. ఇంకో విడత గొడవకు నేను సిద్ధమయ్యాను. ఆమె ట్రే పక్కన కూర్చుని, కలుపు మొలక ఒకటి పీకింది, ఇంకోటి పీకింది.

"నాక్కూడా ఉందే" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని తన కొంగు కిందకి తీసుకెళ్ళింది. నా వేళ్ళకు ఆ గట్టిదనం తెలుసు. నాకంటే చాలా పెద్దది.

"ఎప్పట్నుంచి?"

"పోయిన క్రిస్మస్ నుంచి."

పది నెలలు. అందులో ఆఖరి రెండు నెలలూ నాకు వంట చేస్తూ, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తూ, గట్టిగా ఉండేదా కదిలేదా అని అడుగుతూ గడిపింది. నేనేమో అటు తిరిగి పడుకున్నాను.

"నీది ప్రార్థనతో పోయిందని నువ్వు నీ నోటితో చెప్తే, నాదీ పోద్దని నమ్ముదామనుకున్నా. నాకు ఆ సూదులంటే చానా భయమే కరుణా. మీ తమ్ముడు చెప్పాడు గదా, నీకు ఊపిరి ఆగిపోయిందని" అంది. తమ్ముణ్ణి 'మీ తమ్ముడు' అందంటే ఆమె ఎంత తడబడుతోందో నాకు తెలిసింది. నేను ఆమెను తిట్టాను. నోటికి వచ్చినన్ని తిట్టాను, ఏడుస్తూ తిట్టాను. ఆమె వింటూ కూర్చుంది. తిట్టడం అయ్యాక, "రేపు ఎన్ని గంటలకే రైలు?" అని అడిగింది.

మంగళవారం ముగ్గురం వెళ్ళాం. ప్రసాదు రెండు సంచులూ తానే మోశాడు. ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయి వదినను సమస్య ఏమిటని అడిగింది. "ఛాతీలో నిమ్ము" అంది వదిన. ఆ అమ్మాయి పక్క భవనానికి పొమ్మంది. అప్పుడు నేను ముందుకు వంగి అసలు మాట చెప్పాల్సి వచ్చింది. వదిన నా కొంగు పట్టుకుని అటు తిరిగి నిలబడింది.

నా మిగతా మందులు డిసెంబరుకు అయ్యాయి, బోడితలతోనే క్రిస్మస్ చేసుకున్నాను. సంక్రాంతి దాటాక ఆపరేషన్. తీసిన ముక్కను పరీక్షకు పంపితే, చేతికి తగలని చోట ఇంకా కొంచెం మిగిలే ఉందని తేలింది. ఆ కాగితం చదివించుకుని ప్రసాదు మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఆగి చూద్దామన్నా గదా నేను" అన్నాడు. అన్నావు అన్నాను. ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు.

వదినకు పూత మందు ఇవ్వలేదు, మామూలు రకమే ఆమెకు పడింది. అందరికీ ఒకటే మందు కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆమెది ముదిరింది కాబట్టి వైద్యం ఇంకా నడుస్తూనే ఉంది. ఎట్లా తేలుతుందో మాకెవరికీ తెలియదు. మూడు వారాలకోసారి ఇప్పుడు నేనే ఆమెను తీసుకెళ్తున్నాను. సంచిలో నిమ్మకాయ పెట్టుకుంటున్నాను.

మళ్ళీ జూన్ వచ్చింది, వేళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి. పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్ళాను. ప్రార్థన అయ్యాక సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి అన్నారు. వదిన గోడ పట్టుకుని లేచింది. తల మీద కొంగు జారితే సర్దుకోలేదు. బాగుపడినవాళ్ళే లేవాలి గదా అని ఎవరో గొణిగారు.

"అయిపోయినాకే చెప్పాలని ఎవరన్నారు?" అంది వదిన. "నాకు రొమ్ము క్యాన్సర్. ఇంకా తగ్గలా. మందు పెట్టించుకుంటన్నా. మీలో ఎవురికన్నా చేతికి ఏదన్నా తగిలితే ఇప్పుడే చెప్పండి. మంగళవారం మాతో రైలెక్కుదురు గానీ."